దుప్పి పడిపోయే చోటు

మంగళవారం పొద్దున జెనెరోసా కోంబీ వ్యాను దిగి స్టూడియో గేటు దగ్గరికి వచ్చేసరికే కచింగ్వే ఇనుపకడ్డీ పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చిహేరా వచ్చేసింది. ఎత్తడం ఆలస్యమైతే కడ్డీ విరుచుకుని పోతుంది" అన్నాడు గాలితో చెబుతున్నట్టు.

"నోరు మూసుకో తాతా. నీ నోట్లో మిగిలిన పళ్ళెన్నో నాకు తెలుసు" అని చెయ్యి ఊపి లోపలికి పోయింది.

ఇరవయ్యేళ్ళుగా ఇదే పలకరింపు. దుప్పి ఆవిడ పుట్టింటి జంతువు. అక్కడ ఒక్కో వంశానికి ఒక్కో జంతువు, ఆ ఇంటివాళ్ళు దాన్ని చంపరు, తినరు. ఆ ఇంటి మగవాణ్ణి మోఫు అని పిలుస్తారు, ఆడదాన్ని చిహేరా అంటారు. చిహేరా నోరు తెరిస్తే ఊరు నోరు మూసుకుంటుందని హరారేలో అందరూ నవ్వుకునే మాట. స్టూడియోలో ఎవరి పిలుపు వాళ్ళకుంది. యజమాని గ్వాటిడ్జో సింహం ఇంటివాడు, షుంబా అంటారు. డ్రైవరు కోతి ఇంటివాడు, సోకో. పెద్దవాళ్ళు ఎదురైతే అరచేతులు డొప్పలా చేసి తట్టి, మోకాళ్ళు కొంచెం వంచి, ఆ పేరు పలికాకే తక్కిన మాట. కచింగ్వేని మాత్రం చిన్నాపెద్దా కచింగ్వే అనే అంటారు, జెనెరోసా ఒక్కతే తాతా అంటుంది. అతని తండ్రి మలావీ నుంచి పొగాకు తోటల్లో కూలికి నడిచొచ్చాడు. వాళ్ళింటి జంతువేమిటో అడగాలని ఎవరికీ తోచలేదు.

లోపల, మట్టిబొమ్మల్ని కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీసి సినిమా చేసే గదిలో, ఒకప్పుడు అయిదు మేజాలుండేవి. ఇప్పుడు ఒకటే ఉంది. మిగతా నాలుగూ తీసేసిన చోట సిమెంటు మీద బోల్టుల మచ్చలు నాలుగేసి కనిపిస్తున్నాయి. పక్కగదిలో కుర్రాళ్ళు కంప్యూటర్ల మీద బొమ్మలు చేస్తున్నారు. మట్టిపని వాళ్ళు ముగ్గురికీ నెలాఖరుతో సరి అని ఉత్తరాలిచ్చారు. జెనెరోసాకి ఇంకా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఆవిడ అడగలేదు.

రోపా వచ్చింది. స్టూడియో చరిత్ర రాయడానికి యూనివర్సిటీ నుంచి వచ్చిన పిల్ల. శుక్రవారం పాతికేళ్ళ పండగ. నడవా గోడల నిండా ఏడాదికో బోర్డు బిగిస్తోంది.

"అత్తా, మీకు శుభవార్త. ఈ మేజా తీసెయ్యరు. బడిపిల్లలకి మట్టిబొమ్మల పని నేర్పడానికి ఉంచుతారట. నేర్పేది మీరే. దుప్పిని నడిపించిన చెయ్యే నేర్పాలి అన్నారు షుంబా."

జెనెరోసా మట్టికుందేలు చెవికి చీలిక పెడుతోంది. చీలిక వంకర పోయింది.

"శుక్రవారం ఆ కదలిక మళ్ళీ చేసి చూపించాలి. టీవీ వాళ్ళు వస్తున్నారు. ఇదిగో, మీ బోర్డు."

బోర్డు మీద దుప్పి బొమ్మ. మెలికలు తిరిగిన కొమ్ములు, మెడకింద వేలాడే గంగడోలు. కింద అక్షరాలు: *మూడో ఏడు. దుప్పి మరణం. చేసినది జెనెరోసా.*

ఇరవై రెండేళ్ళ కిందటి సినిమా అది. కరువులో పిల్లలకి నీటిచోటు చూపించి, ఒడ్డున దుప్పి పడిపోతుంది. ఇరవై సెకన్లు. దేశంలో ఆ ఇరవై సెకన్లకి ఏడవని పిల్లాడు లేడంటారు. ఆ పిల్లలే పెద్దవాళ్ళై కూరగాయల అంగట్లో జెనెరోసాని ఆపి, 'నన్ను ఏడిపించింది మీరేనా అత్తా' అని అడుగుతుంటారు. ఆవిడ టమాటాలు ఏరుకుంటూ ఊ అంటుంది.

ఊ అనడమే కానీ ఆ ఇరవై సెకన్లూ ఆవిడ ఇంతవరకు చూడలేదు. అక్కడికొచ్చేసరికి తల తిప్పేసుకునేది. సొంత ఇంటి జంతువు చావు ఎవరు చూస్తారు?

"ఒకసారి వెయ్యి" అంది రోపాతో.

చూసింది. దుప్పి నడిచొచ్చి ఆగింది. ముందు వెనకకాళ్ళు వంగాయి. తర్వాత ముందుకాళ్ళు. వీపు మాత్రం వంగలేదు, బల్లలా నిలకడగా కిందికి దిగింది, బరువుని ఒలికిపోకుండా దించుతున్నట్టు. తల వెనక్కి తిరిగింది, ఎవరైనా వస్తున్నారా అని చూస్తున్నట్టు. అంతే, తెర నల్లబడింది.

చచ్చే పశువుని జెనెరోసా ఎరుగును. పల్లెలో పుట్టింది. చచ్చే పశువు ముందుకాళ్ళ మీద కూలుతుంది, మెడ వేలేస్తుంది, వెనక్కి తిరిగి చూడదు. ఇదెవరు నేర్పిన చావు?

"చెయ్యి చూడండి అత్తా, ఎంత ఓపికో!" అంది రోపా.

జెనెరోసా తన చేతులు చూసుకుంది.

బుధవారం గ్వాటిడ్జో గదికి వెళ్ళింది. దోసిలి తట్టి, మోకాళ్ళు వంచి, "షుంబా" అంది.

"రా చిహేరా. చొక్కా ఎలా ఉంది? టీవీలో తెల్లచొక్కా బాగుంటుందా?"

"బాగుంటుంది. షుంబా, ఆ దుప్పి ఉంది చూడండి... అది నేను చెయ్యలేదు కదా."

ఆయన కళ్ళజోడు తీసి నవ్వాడు. "వయసు మీద పడిందే నీకు! నువ్వు కాకపోతే నేనా? నాకు నిన్నటిలా గుర్తు. మా ఇంటి జంతువుని నా చేత్తో ఎలా పడగొట్టను అని ఏడ్చావు. ఏడుస్తూనే లోపలికెళ్ళి తలుపేసుకున్నావు. మూడు రోజులు. నేనే టీ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేవాణ్ణి. నీలం కప్పు."

నీలం కప్పు ఆవిడకీ గుర్తుంది. మూసిన తలుపు గుర్తుంది. అయితే తను తలుపుకి ఏ పక్కన ఉంది? వెనక మెట్ల మీద కూర్చుని కుందేలు చెవులు చేసుకుంటూ ఉన్నట్టు గుర్తు. ఎండ కాళ్ళమీద పడుతున్నట్టు గుర్తు. అంత గట్టిగా చెబుతున్న మనిషి ముందు ఆ ఎండ వెలిసిపోయింది. ఏమో, రెండూ జరిగాయేమో. ఏడుస్తూ చేసిన పని గుర్తుండదంటారు.

"తెర మీద నీ పేరుంది. ఇంకేం కావాలి?" అన్నాడాయన. "పో, సాధన చేసుకో. పరువు తియ్యకు."

అక్కణ్ణించి గేటుకి నడిచింది. మూడో ఏడు నుంచి ఉన్నవాళ్ళలో షుంబా, తను కాక ఇంక కచింగ్వే ఒక్కడే. కచింగ్వే చెక్కపెట్టె మీద కూర్చుని మొక్కజొన్న పేలాలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు. కాగితప్పొట్లం ఆవిడ ముందుకి జరిపాడు.

"తాతా, దుప్పిని నడిపించింది నువ్వు కదా?"

"ఏ దుప్పి?"

"తెలీనట్టు మాట్లాడకు. మూడో ఏడు బొమ్మలో."

"నేను ఊడ్చేవాణ్ణి అప్పుడు. చీపురు నడిపించాను. అది మాత్రం బాగా నడిపించాను."

"మూడు రోజులు తలుపేసుకుని లోపల ఉన్నదెవరు మరి?"

"నువ్వే అయుంటావు. తెర మీద నీ పేరే వస్తుంది. నాకు చదువు రాదుగానీ చదివినవాళ్ళు చెప్పారు." పేలం ఒకటి ముందు పంటి కింద పెట్టి మెల్లిగా నొక్కాడు. కళ్ళు ఆవిడవైపు తిప్పలేదు. "చిహేరా, కారొస్తోంది. పక్కకి జరుగు."

ఏ కారూ రాలేదు. ఖాళీ రోడ్డు మీదికి కడ్డీ ఎత్తి, కాసేపు పట్టుకుని, దించాడు.

మధ్యాహ్నం రోపా పాతకాగితాల ట్రంకుపెట్టె తెరిచింది. ఒక్కో దృశ్యానికి ఒక్కో కాగితం. ఏ కదలికకి ఎన్ని ఫొటోలు, బొమ్మని ఎటు జరపాలి అన్నీ అందులో రాసుకునేవాళ్ళు. జెనెరోసావి తెలిసిపోతాయి. మిషను స్కూల్లో సిస్టరు కొట్టి నేర్పిన గుండ్రటి అంకెలు. దుప్పి కాగితం అడుగున దొరికింది. అందులో ఒక్క అంకె లేదు. పెన్సిలు చుక్కలు. పెద్ద చుక్క ఒకటి, చిన్నవి రెండు, జాగా. మళ్ళీ పెద్దది ఒకటి, చిన్నవి రెండు. పేజీ సగం దాకా వచ్చాక అడ్డంగా ఎర్రగీత. ఆ గీత కింద కూడా చుక్కలున్నాయి, ఇంకా దగ్గరదగ్గరగా. వాటి మీద కొట్టివేత.

"ఎర్ర పెన్సిలు షుంబాది. చుక్కలేమిటి అత్తా? మీ గుర్తులా?"

"చూడనీ" అంది జెనెరోసా. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. తిప్పి చూసింది. తలకిందులుగా చూసింది. తనవి కావు. తనవి కావన్న మాట అంత గట్టిగా తోచడం రెండ్రోజుల్లో అదే మొదలు. దానివల్ల స్థిమితం మాత్రం రాలేదు.

సాయంత్రం కోంబీలో కిటికీ పక్కన నలిగి కూర్చుని ఉండగా ఇరవై రెండేళ్ళ కిందటి మాట ఒకటి పైకి తేలింది. అప్పటికి తొమ్మిది రోజుల్లో సినిమా టీవీకి వెళ్ళాలి. దుప్పిని పడగొట్టనని తను మొండికేసింది. గ్వాటిడ్జో గదంతా కలయచూసి, మూల ఊడుస్తున్న కచింగ్వేని చూసి, 'వీడున్నాడుగా. వీళ్ళకి ఇల్లా, ఊరా, ఇంటి జంతువా? ఏ జంతువుని చంపినా వీడికి అంటదు' అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. చీపురు ఆగింది, మళ్ళీ కదిలింది.

నవ్విన వాళ్ళలో తను ఉంది. దిగిందిరా బరువు అని ఊపిరి పీల్చుకుని నవ్వింది. ఆ నవ్వు పళ్ళమీద గాలి తగిలినంత స్పష్టంగా గుర్తొచ్చింది. పక్కన ఆడమనిషి "ఏమ్మా, పంటి నొప్పా?" అని అడిగింది.

గురువారం పొద్దుటే మేజా దగ్గర కూర్చుంది. తీగ ఎముకలు వంచి, మట్టి పట్టించి, దుప్పిని నిలబెట్టింది. చెయ్యి తన పని తను చేసుకుపోయింది: గిట్టలు, మూపురం, గంగడోలు. తర్వాత నడిపించడం మొదలుపెట్టింది. వెంట్రుకవాసి జరపడం, ఫొటో తీయడం, మళ్ళీ జరపడం. గంటసేపు తీసి, తెర మీద వేసి చూసుకుంది. దుప్పి గోనెసంచీలా కూలింది. మళ్ళీ తీసింది. ఈసారి తాగినవాడిలా కూర్చుంది. వెనకకాళ్ళు ముందు వంచితే వీపు ఏటవాలవుతుంది, వీపు నిలబెడితే కాళ్ళు వంగవు. ఆ ఇరవై సెకన్లలో వీపుకి, కాళ్ళకి సంబంధం లేనట్టే ఉంది. కాళ్ళు ఒకరివి, వీపు మరొకరిది అన్నట్టు.

నేల తుడిచే బకెట్టు చప్పుడైంది. మధ్యాహ్నాలు కచింగ్వే లోపల నేల తుడుస్తాడు. గుమ్మంలో ఆగి చూశాడు.

"దానికి మోకాళ్ళ నొప్పా?" అన్నాడు.

"నవ్వు తాతా నవ్వు. రేపు ఊరంతా నవ్వుతుంది. ఇది చెయ్యలేకపోతే నన్ను పొమ్మంటారు. ఈ మేజా తప్ప నా చేతులకి వేరే పని తెలీదు."

అతను చాలాసేపు గుడ్డ పిండాడు. నీళ్ళు ఆగిపోయాక కూడా పిండాడు. తర్వాత బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని, రెండు చేతులూ తలుపుచెక్క మీద ఆనించాడు. ఆవిడవైపు వీపు పెట్టాడు. అరచేత్తో ఒకటి, వేళ్ళతో రెండు. జాగా. అరచేత్తో ఒకటి, వేళ్ళతో రెండు.

జెనెరోసా కాగితం తీసింది. పెద్ద చుక్క, చిన్నవి రెండు.

అరచెయ్యికి వెనకకాళ్ళు. వేళ్ళకి వీపు. జరిపింది, ఫొటో తీసింది. అతను వాయించడం ఆపేవాడు, ఫొటో చప్పుడు విని మళ్ళీ కొట్టేవాడు. గంట గడిచింది. వేసి చూసుకుంటే వీపు నిలకడగా దిగింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. చిన్నప్పుడు మేనమామతో పొగాకు తోట పక్కరోడ్డు మీద పోతుంటే మలావీ కూలీల పేటలో ఎవరో పోయారు. డప్పుల మధ్యనుంచి బండంత దుప్పి ఒకటి వచ్చింది. బుట్టలా అల్లిన ఒళ్ళు, పైన మొక్కజొన్న పొట్టు, మెలికల కొమ్ములు. దుమ్ములో కింద కాళ్ళు లీలగా కనిపించాయి. మేనమామ చెయ్యి పట్టుకుని లాక్కుపోతూ, 'చూడకు, అది వాళ్ళ న్యావు, చావింటి వేషం, ఆడవాళ్ళు చూడకూడదు' అన్నాడు. కాళ్ళు లోపలి మనుషులవి. వీపు జంతువుది.

"తాతా" అంది. "ఆ దుప్పి లోపల నువ్వు..."

అరచెయ్యి చెక్కమీద గట్టిగా పడింది.

"మా ఆడవాళ్ళు అడగరు" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "మొగుడి చెప్పులు గుర్తుపట్టినా అడగరు. జంతువు వచ్చింది అంటారు, వెళ్ళింది అంటారు. లోపల ఎవరూ ఉండరు. లోపలున్నది ఫలానా అని పేరు పెట్టావా, ఇక అది ఉత్త బుట్ట."

జెనెరోసా చేతిలో మట్టి నలిపింది. "ఒక్కటి చెప్పు. మా ఇంటి జంతువని తెలిసీ ఎలా చంపావు? నీకు ఏమీ అనిపించలేదా?" అంది.

ఇప్పుడు తిరిగాడు. నిజంగా అర్థం కానట్టు చూశాడు.

"చంపిందెవరు? చచ్చిపోతోందని ఎవరన్నారు నీకు?"

"బోర్డు మీదే రాశారు."

"పోయినవాణ్ణి వీపుమీద ఎక్కించుకోడానికి వంగుతోందమ్మా అది. అందుకే వెనక్కి తిరిగి చూస్తుంది, సరిగ్గా కూర్చున్నాడా అని. కూర్చున్నాక లేస్తుంది. తీసుకుపోతుంది. నీళ్ళ ఒడ్డున కరువుకి పోయినవాళ్ళు ఎంతమంది ఉంటారు మరి, వాళ్ళ కోసం వంగింది." కాగితం కేసి గడ్డంతో చూపించాడు. "లేచే ముక్క కూడా ఉండేది. పొడుగైందని మీ షుంబా కోసేశాడు. కోసినాక అందరికీ చచ్చినట్టే కనిపించింది. ఏడిచారు. ఏడిస్తే ఆయనకి బాగుంది."

ఎర్రగీత కింద చుక్కలు దగ్గరదగ్గరగా ఉన్నాయి.

ఇరవై రెండేళ్ళు తల తిప్పుకున్నది దేన్నుంచి? ఆవిడకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వీళ్ళకి ఏ జంతువూ అంటదని ఎవర్ని చూసి నవ్విందో ఆ మనిషిదీ తన జంతువే. తన ఇంట్లో దాన్ని తినరు, అంతే. వాళ్ళింట్లో దాని లోపల నడుస్తారు.

"తాతా, రేపు చెప్పేస్తాను. ఇది నీ..."

"చెప్పావంటే నీ మొహం చూడను." బకెట్టు మీంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "నీ మేజా కావాలంటే ఉంచుకో. నాకేం పని దాంతో. కింది చుక్కలు అయ్యేదాకా కొట్టి పోతాను, కూర్చో."

శుక్రవారం నడవా నిండిపోయింది. టీవీ వాళ్ళు లైట్లు పెట్టారు. బడిపిల్లలు ఆకుపచ్చ యూనిఫారాల్లో నేలమీద కూర్చుని అరటిపళ్ళు తింటున్నారు. గ్వాటిడ్జో తెల్లచొక్కాలో మేజా పక్కన నిలబడి పాతికేళ్ళ కథ చెప్పాడు. ఒక్క గది, అరువు కెమెరా, కరెంటు లేని రోజులు. బాగానే చెప్పాడు. చాలావరకు నిజమే.

జెనెరోసా చివరి పన్నెండు కదలికలు పిల్లల ముందే తీసింది. తర్వాత మొత్తం తెర మీద వేశారు. దుప్పి నడిచొచ్చింది, ఆగింది. వెనకకాళ్ళు వంగాయి, ముందుకాళ్ళు వంగాయి, వీపు బల్లలా దిగింది. తల వెనక్కి తిరిగింది. పెద్దవాళ్ళు జేబురుమాళ్ళు తీశారు. గ్వాటిడ్జో చప్పట్లకి చేతులెత్తాడు.

అప్పుడు దుప్పి లేచింది. ముందుకన్నా బరువుగా, జాగ్రత్తగా లేచి, ఒక్కో గిట్టా చూసిచూసి పెట్టుకుంటూ తెర దాటి వెళ్ళిపోయింది.

"చావలేదు!" అని ఒక పిల్ల అరిచింది. "ఎవర్నో ఎక్కించుకుంది!" అంది ఇంకో పిల్ల.

గ్వాటిడ్జో చేతులు గాల్లోనే ఉన్నాయి. కొట్టాడు. అందరూ కొట్టారు. "చూశారా, అదే చెయ్యి! ఇరవై రెండేళ్ళైనా అదే చెయ్యి!" అన్నాడు. ఆవిడ చెవి దగ్గరికి వంగి, "కొత్తముక్క ఎందుకు కలిపావే?" అన్నాడు.

"కొత్తది కాదు షుంబా. మీరు కోసిందే." తర్వాత అందరికీ వినపడేట్టు అంది: "ఇది నేను నిన్ననే నేర్చుకున్నాను. అప్పుడు చేసింది నా చెయ్యి కాదు. ఆ బోర్డు మీద పేరు తీసెయ్యండి."

నవ్వారు. చిహేరాకి సిగ్గు కూడా ఉందా అన్నారెవరో. ఆవిడ నవ్వకపోవడం చూసి ఆగారు. రోపా కలం పట్టుకుని ముందుకొచ్చింది. "మరెవరు చేశారు అత్తా?"

జెనెరోసా చూపు పక్కకి తిప్పింది. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. కచింగ్వే కూరగాయల బండికి కడ్డీ ఎత్తుతున్నాడు.

గ్వాటిడ్జో ఆవిడ చూపు వెంట చూశాడు. ఆయన మొహం మెల్లిగా మారింది. చీపురు, మూల, తను అన్న మాట ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నట్టుంది. ఆ మనిషి చెడ్డవాడు కాదు. తప్పు కనపడితే పదిమందిలో దిద్దుకోవాలనుకునే రకం. నోరు తెరిచాడు. "ఔను, ఆ రోజు మనం ఇచ్చింది..."

జెనెరోసా ఆయన మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. "వద్దు షుంబా."

"ఎందుకొద్దు? చెప్పాల్సిందే కదా?"

"వద్దు."

 ఎందుకొద్దో చెబితే ఆ పేరు చెప్పినట్టే. తెల్లచొక్కా మీద అయిదు వేళ్ళ మట్టి అచ్చు పడింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తన పేరు వద్దంటుంది, ఇంకొకరి పేరు చెప్పనివ్వదు. ముసలితనంలో మతి తప్పిందేమో అన్నట్టు టీవీ వాళ్ళు కెమెరా పిల్లలవైపు తిప్పేశారు. గ్వాటిడ్జో చొక్కా చూసుకుంటూ, గొంతు తగ్గించి, "మేజా దుప్పి చేసినవాళ్ళకని నలుగురికీ చెప్పాను. ఇప్పుడేం చెయ్యను? సోమవారం నా గదికి రా" అన్నాడు. మిగతా ముగ్గురినీ అలాగే పిలిచి ఉత్తరాలిచ్చాడు. ఆవిడకి తెలుసు.

రోపా స్క్రూలు విప్పి బోర్డు దించింది. పేరున్న చోట ఏం రాయాలో అడగబోయి, ఆవిడ మొహం చూసి కలం మూసింది.

జెనెరోసా తన చెక్కపుల్లలు, తీగలు కోసే కత్తెర, అరిగిపోయిన చెంచా గుడ్డలో చుట్టుకుని సాయంత్రం బయటికి నడిచింది. కచింగ్వే దూరంనుంచే చూసి కడ్డీ ఎత్తాడు.

"చిహేరా వెళ్ళిపోతోంది. ఇక కడ్డీకి భయం లేదు" అన్నాడు.

ఆవిడ చెయ్యి ఊపలేదు. మూట నేలమీద పెట్టింది. మోకాళ్ళు వంచింది. అరచేతులు డొప్పలా చేసి, మెల్లిగా తట్టింది. అతను బిత్తరపోయాడు. ఈ గేటు దగ్గర తన ముందు ఎవరూ అలా వంగలేదు. చప్పట్ల తర్వాత పేరు పలకాలి. ఆ పేరు దుప్పి ఇంటి మగవాళ్ళది, ఆవిడ తండ్రిది, అన్నదమ్ములది.

"మోఫూ" అంది.

కచింగ్వే అటూ ఇటూ చూశాడు. రోడ్డు చూశాడు, తన వెనక ఖాళీగా ఉన్న చెక్కపెట్టె చూశాడు. కడ్డీ పట్టుకున్న చేతివేళ్ళు ఇనుము మీద రెండుసార్లు చిన్నగా ఆడాయి.

"ఎవర్ని పిలుస్తున్నావమ్మా?" అన్నాడు. "ఇక్కడెవరూ లేరే."

ఆవిడ లేచి మూట చంకన పెట్టుకునేదాకా కడ్డీ దించలేదు.